‘ఫిట్‌నెస్’ అంటే డాక్టరు సంతకం కాదు

మా రాయదుర్గంలో ఆపరేషన్ నిశ్చయమైన మనిషి మూడు చోట్లకు వెళతాడు. మొదట కోటకు పోయే దారిలో ఉన్న దశభుజ గణపతి గుడికి. తరువాత ఇంట్లో ఉన్న నాలుగు నగలు మూటకట్టుకుని బ్యాంకుకు. చివరగా మా ఆసుపత్రికి. గుడిలో అరగంట కూర్చుంటాడు. బ్యాంకులో పూటంతా కూర్చుంటాడు. నా దగ్గర మాత్రం అయిదు నిమిషాలు కూడా నిలబడలేడు. “సారూ, బళ్ళారిలో ఆపరేషన్ పెట్టుకున్యాము. ఫిట్‌నెస్ రాసిచ్చేస్తే బస్సుకు పోతాము” అంటాడు.

దేవుడి మీద నమ్మకం ఉండవలసిందే. డబ్బు లేనిదే పని జరగదు, అదీ నిజమే. కాని ఆపరేషన్ బల్లమీద పడుకోబోయేది మన ఒళ్ళు. ఆ ఒంటి సంగతి విచారించటానికి కూడా ఒక గంట కేటాయించండి అని ఈ వారం పాఠకులను అడుగుతున్నాను. ముఖ్యంగా నలభై దాటినవారిని, ఇంట్లో అరవై, డెబ్బై దాటిన పెద్దలున్నవారిని.

కొండ ఎక్కటం వంటిది

ఆపరేషన్ అంటే కోత, కుట్టు మాత్రమే అని చాలామంది అనుకుంటారు. కోత సర్జన్ కోస్తాడు. కాని ఆ కోతను తట్టుకునే పని రోగి గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు చేయాలి. మత్తుమందుకు రక్తపోటు పడిపోతుంది. నొప్పికి, రక్తం పోయినందుకు గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఒంట్లో చక్కెర పెరుగుతుంది. రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువవుతుంది. ఇదంతా ఆ ఒక్క గంటలో అయిపోయేది కాదు. ఆపరేషన్ తరువాత మొదటి మూడు రోజులూ శరీరం ఎండలో మా దుర్గం కొండ ఎక్కుతున్నట్టే శ్రమపడుతుంది. గుండెకు సంబంధించిన ప్రమాదాలు ఎక్కువగా వచ్చేది కూడా ఆ రోజుల్లోనే.

కొండ ఎక్కేవాడు పాతికేళ్ళవాడైతే ఎవరూ ఏమీ అడగరు. అరవై ఏళ్ళవాడైతే “ఆయాసం వస్తుందా? మోకాళ్ళు ఎట్లున్నాయి? నీళ్ళు తెచ్చుకున్నావా?” అని అడుగుతాం. ఆపరేషన్‌కు ముందు పరీక్ష అంటే ఈ ప్రశ్నలే. కొండ ఎక్కవద్దని చెప్పటం దాని ఉద్దేశం కాదు. ఎక్కి, క్షేమంగా దిగేట్టు చూడటం.

చిన్న ఆపరేషన్ ఉంది కాని...

“చిన్న ఆపరేషనే కదా సార్!” అన్న మాట నేను రోజూ వింటాను. 1848లో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ అమ్మాయికి కాలివేలి గోరు తీయటానికి క్లోరోఫారం ఇచ్చారు. గోరు తీయటం కంటే చిన్న ఆపరేషన్ ఏముంటుంది? ఆ అమ్మాయి నిమిషాల్లో చనిపోయింది. క్లోరోఫారం వల్ల పోయిన ప్రాణాలలో లోకానికి తెలిసిన మొదటిది అదే. ఆపరేషన్ చిన్నది కావచ్చు. మత్తు మాత్రం చిన్నది కాదు.

క్లోరోఫారం మనిషిని ఎట్లా చంపుతుంది, గుండెను ఆపా, ఊపిరిని ఆపా అన్న వివాదం తేల్చటానికి పెద్ద పరిశోధన జరిగింది ఎక్కడో కాదు, మన హైదరాబాదులోనే. 1888లో, 1889లో ఆరవ నిజాం మహబూబ్ ఆలీఖాన్ ప్రభుత్వం ఆసరాతో రెండు ‘క్లోరోఫారం కమిషన్లు’ ఏర్పడ్డాయి. వాటిని నడిపించినవాడు హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. రెండవసారి లండను నుంచి లాడర్ బ్రంటన్ అనే ప్రఖ్యాత వైద్యుడు కూడా వచ్చాడు. ఆ రోజుల్లోనే అక్కడ మత్తు ఇవ్వటంలో పేరు తెచ్చుకున్న రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా చెప్పుకుంటారు.

ఊపిరిని గమనిస్తే చాలు, గుండెకు భయం లేదని లారీ తేల్చాడు. అది పూర్తి నిజం కాదని, క్లోరోఫారం నేరుగా గుండెను కూడా ఆపగలదని 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు. ఆ వివాదంలో మనకు పనికివచ్చే సంగతి ఒకటుంది. గుండెను వదిలి ఊపిరిని, ఊపిరిని వదిలి గుండెను చూస్తే కుదరదు. మనిషిని మొత్తంగా చూడాలి. ఇప్పుడు క్లోరోఫారం లేదు. మందులు చాలా మెరుగైనవి. వేలికి తొడిగే చిన్న పరికరం రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉందో క్షణక్షణం చెపుతుంది. అయినా బల్లమీద పడుకున్న మనిషి ఎటువంటివాడో పరికరానికి తెలియదు. అది మీరు చెపితేనే మాకు తెలుస్తుంది.

మేము ఏమి తూచి చూస్తాం?

డాక్టరు మనసులో మూడు సంగతులు తూకం వేసుకుంటాడు. మనిషి ఎట్లాంటివాడు, ఆపరేషన్ ఎంతటిది, ఎంత తొందర ఉంది.

మనిషి సంగతికి మత్తు డాక్టర్లు అయిదు తరగతులు వాడతారు. ఏ జబ్బూ లేనివాడు ఒకటవ తరగతి. అదుపులో ఉన్న షుగరు, బి.పి. ఉన్నవాడు రెండు. జబ్బు ముదిరి పనిపాటలకు అడ్డు వస్తూంటే మూడు. జబ్బు ఎప్పుడూ ప్రాణం మీదికి తెచ్చేట్టుంటే నాలుగు. ఆపరేషన్ చేయకపోతే బతకడనిపించేవాడు అయిదు. ఇందులో వయసు ప్రసక్తి లేదని గమనించారా? డెబ్బై అయిదేళ్ళ రైతు రెండవ తరగతిలో ఉండవచ్చు. నలభై అయిదేళ్ళ ఉద్యోగి మూడింట్లో ఉండవచ్చు.

ఇక గుండె సంగతి. 1846లో ఈథర్ మత్తును మొదటిసారి జనం ఎదుట చూపించిన బోస్టన్ నగరపు ఆసుపత్రిలోనే, 1977లో గోల్డ్‌మన్ అనే డాక్టరు, ఆయన సహచరులు నలభై దాటిన 1001 మంది రోగులను పరిశీలించి, గుండె ఆపరేషన్ కాని ఇతర ఆపరేషన్లలో గుండెకు అపాయం ఎవరికి వస్తుందో లెక్కగట్టారు. 1999లో ఆ లెక్కను సులభం చేసి ఆరు ప్రశ్నలకు కుదించారు. పొట్ట, ఛాతీ లోపల చేసే పెద్ద ఆపరేషనా? గుండెకు రక్తం చాలని జబ్బు ఉందా? గుండె బలహీనపడి నీరు చేరటం ఉందా? ఎప్పుడైనా పక్షవాతం వచ్చిందా? షుగరుకు ఇన్సులిన్ వాడుతున్నారా? మూత్రపిండాలు దెబ్బతిని రక్తంలో క్రియాటినిన్ 2 దాటిందా? ఆరింటికీ ‘లేదు’ అని జవాబు వస్తే గుండెకు పెద్ద అపాయం వచ్చేది నూటికి ఒకరికంటే తక్కువ మందికే. మూడు, అంతకుమించి ‘ఉంది’ అని వస్తే దాదాపు పదిమందిలో ఒకరికి. ఈ ప్రశ్నల్లో నాలుగింటికి జవాబు ఏ యంత్రమూ లేకుండా మీ నోటితో మీరే చెప్పగలరు!

ఇంకొక పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఆగకుండా రెండు అంతస్తుల మెట్లు ఎక్కగలరా? ఛాతీలో పట్టేసినట్టు లేకుండా, కూలబడకుండా ఎక్కగలిగితే చాలా ఆపరేషన్లను మీ గుండె తట్టుకుంటుందని ధైర్యం చెప్పుకోవచ్చు. మా ఊళ్ళో మేడలు తక్కువ కనుక నేను కొండమెట్ల సంగతి అడుగుతాను. “పోయినేడు గుడిదాకా ఎక్కినాను, ఈయేడు సగంలోనే కూచున్యాను” అని ఎవరైనా అంటే నా కలం ఆగుతుంది.

సంచిలో దాగిన మందులు

ఆమధ్య జీన్స్ ప్యాంట్ల కటింగ్ చేసే ఒకాయన హెర్నియా ఆపరేషన్‌కు ఫిట్‌నెస్ కావాలని వచ్చాడు. యాభై ఆరేళ్ళు. గట్టి మనిషే. “షుగరుందా?” లేదు. “బి.పి.?” లేదు. “మందులేమైనా వాడుతున్నారా?” లేదు. అన్నిటికీ ఒకే జవాబు. వెనక నిలబడిన ఆయన భార్య ఓపిక పట్టలేకపోయింది. చేతిసంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా బల్లమీద బోర్లించింది. “ఇవేమి మల్ల? పిప్పరమెంట్లా?” అంది.

షుగరు మాత్రలు, బి.పి. మాత్ర, రక్తాన్ని పలచబరిచే మాత్ర! ఏడాది క్రితం ఎక్కడో గుండెకు స్టెంటు వేయించుకున్నాడు. చెపితే ఆపరేషన్ వాయిదా వేస్తారని, పని పోతుందని భయం. పైగా ఎవరో చెప్పారని వారం నుంచి ఆ మాత్రలన్నీ సొంతంగా మానేశాడు.

ఆయన్ను నేను కోప్పడలేదు. రోజుకూలి మీద బతికే మనిషికి వాయిదా అంటే ఎంత నష్టమో నాకు తెలుసు. కాని స్టెంటు ఉన్నవాడు మాత్రలు మానేస్తే అది పూడుకుపోవచ్చు. ఆపరేషన్ సమయంలో రక్తం గడ్డకట్టే గుణం ఎలాగూ ఎక్కువ. రెండూ కలిస్తే మామూలు హెర్నియా కాస్తా ప్రాణాంతకం అవుతుంది. అనంతపురం పంపి గుండె డాక్టరుకు చూపించాం. ఏ మాత్ర ఎన్నాళ్ళు ఆపాలో, ఏది ఆపకూడదో ఆయన రాసిచ్చాడు. రెండు నెలల తరువాత ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు పనికి పోతున్నాడు. ఆయన ఒంటిని కాపాడింది నా చదువు కాదు, ఆ ఇల్లాలి సంచి.

కనుక డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మందుల చీటీలే కాదు, మాత్రల అట్టలన్నీ మూటగట్టుకుని వెళ్ళండి. ఆయుర్వేదం, నాటుమందు, కీళ్ళనొప్పులకు దుకాణంలో కొన్న మాత్రలు, అన్నీ. నొప్పి మాత్రలు ఏళ్ళ తరబడి మింగితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఆయాసానికి, నొప్పులకు తెలియక వాడే మందుల్లో స్టెరాయిడ్లు ఉంటే హఠాత్తుగా ఆపటం అపాయం.

షుగరు మాత్రల్లో పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉండేవి ఈమధ్య విరివిగా వాడుతున్నారు. వాటిని సాధారణంగా ఆపరేషన్‌కు మూడు, నాలుగు రోజుల ముందే ఆపాలి. లేకపోతే రక్తంలో చక్కెర మామూలుగా కనిపిస్తూనే ఒంట్లో ఆమ్లం పేరుకుపోవచ్చు. బి.పి. మందుల్లో కొన్ని ఆపరేషన్ రోజు ఉదయం కూడా గుటకెడు నీళ్ళతో వేసుకోవాలి, కొన్ని ముందురోజే ఆపాలి. ఏది ఏదో మీ డాక్టరు కాగితం మీద రాసివ్వాలి. నోటిమాటగా చెపితే రాయించుకోండి.

మా జిల్లాకు ప్రత్యేకమైన సంగతులు

మా అనంతపురం జిల్లా బోరునీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగినవారికి మెడ, నడుము బిగుసుకుపోతాయి. మెడ వెనక్కు వంగకపోతే మత్తు ఇచ్చేటప్పుడు గొంతులోకి గొట్టం వేయటం కష్టం. వెన్నెముక గట్టిపడితే నడుములో సూది దిగదు. “నా మెడ తిరగదు సారూ” అని ముందే చెపితే మత్తు డాక్టరు తగిన ఏర్పాట్లతో సిద్ధంగా ఉంటాడు. చెప్పకపోతే అది బల్లమీద తెలుస్తుంది. అప్పుడు తెలిసి లాభం ఏమిటి?

రెండవది నీళ్ళ సంగతి. ‘ముందురోజు రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టరాదు’ అన్నది పాత పద్ధతి. మా వేసవిలో ముసలివాళ్ళు పద్నాలుగు గంటలు నీళ్ళు లేకుండా ఉంటే మత్తు ఇవ్వగానే రక్తపోటు పడిపోతుంది, మూత్రపిండాలు ఎండిపోతాయి. ఇప్పటి నియమం ప్రకారం తేలికపాటి ఆహారమైతే ఆరు గంటల ముందు, నూనె, మాంసం వంటి బరువైన భోజనమైతే ఎనిమిది గంటల ముందు ఆపాలి. మంచినీళ్ళు మాత్రం మామూలుగా రెండు గంటల ముందు వరకు తాగవచ్చు. పాలు, మజ్జిగ నీళ్ళ లెక్కలోకి రావు, ఆహారం లెక్కలోకే వస్తాయి. ఈ గడువులు మీ విషయంలో మారవచ్చు కనుక మీ మత్తు డాక్టరును అడగండి. ఆయన చెప్పిన గంటను మాత్రం దాటవద్దు. కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోతే బతకటం కష్టం.

మూడవది బీడీ. ఆపరేషన్‌కు నాలుగు వారాల ముందు మానేస్తే దగ్గు, నిమ్ము, పుండు మానకపోవటం తగ్గుతాయి. అంత వ్యవధి లేకపోతే ఈరోజే మానేయండి. ఒక్కరోజు మానినా కొంత మేలే.

నాలుగవది రక్తం. హిమోగ్లోబిన్ మగవారికి 13, ఆడవారికి 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత. తొందర లేని ఆపరేషనైతే నెలా రెండు నెలలు ఇనుము మాత్రలో, సూదిమందో వాడి, ఎందుకు తగ్గిందో కూడా కనిపెట్టి, ఆ తరువాత వెళ్ళటం మంచిది. ఎవరి రక్తమో ఎక్కించుకోవటం కంటే సొంత రక్తం పెంచుకోవటం క్షేమం కదా!

ముసలివాళ్ళకు ఆపరేషన్ ఎందుకు?

ఈ ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది. మా పెద్దమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. బచ్చలింట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. షుగరు ఉంది, గుండె కొంత బలహీనం. మా అన్న నన్ను పక్కకు పిలిచి, “ఈ వయసులో కోత ఎందుకప్పా? పుత్తూరు కట్టు కట్టించి ఇంట్లో పండబెడదాం. ఉన్నన్నాళ్ళు ఉంటాది” అన్నాడు. ఆయనకు తల్లిమీద ప్రేమ లేక కాదు. బల్లమీద పోతుందేమోనన్న భయం.

ఆపరేషన్‌లో ప్రమాదం ఉందని నేను దాచలేదు. తుంటి విరిగిన వృద్ధుల్లో అయిదుగురిలో ఒకరు, కొన్ని చోట్ల అంతకంటే ఎక్కువమంది, ఏడాది లోపల పోతారు. కాని పండబెడితే ప్రమాదం లేదా? కదలని మనిషికి వీపు పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది. ఆ ఎముక బయటి కట్టుకు కుదురుకునేది కాదు. ఇటువంటి చోట ఆపరేషన్ తొందరగా, వీలైతే ఒకటి రెండు రోజుల్లో చేస్తేనే మేలు. పరీక్షల పేరుతో వారం ఆలస్యం చేయటం కూడా తప్పే. తూకంలో ఒకవైపు మాత్రమే చూస్తే అది తూకం కాదు.

మేమిద్దరం వాదించుకుంటూంటే పెద్దమ్మ మంచం మీదినుంచే అంది: “నన్ను ఎవురన్నా అడిగినారా? నేను లేచి నా అంతకు నేను బచ్చలింటికి పోవల్ల. అది అయితాదంటే కొయ్యండి. మీచేత ఎత్తిపోయించుకుంటా బతకను.”

దానితో వాదన ముగిసింది. మూడవ రోజు ఆపరేషన్ జరిగింది. మొదటి రెండు రాత్రులు తికమకపడి, ఎప్పుడో పోయిన మా పెదనాయన్ను పిలిచింది. పెద్దవయసులో ఇది తరచు జరుగుతుంది. కళ్ళద్దాలు పెట్టి, తెలిసిన మనుషులు పక్కన ఉండి, పగలు వెలుతురులో కూర్చోబెడితే చాలావరకు సర్దుకుంటుంది. మరునాడే లేపి నిలబెట్టారు. మూడు వారాలకు వాకరు పట్టుకుని తన అంతట తాను నడిచింది. ఆ తరువాత పదకొండు నెలలు బతికింది. ఆ పదకొండు నెలలూ ఎవరిచేతా ఎత్తించుకోలేదు. ఆపరేషన్ ఫలితాన్ని ఎన్నేళ్ళు బతికారన్న లెక్కతోనే కొలవకూడదని నేను చదువుకున్న పుస్తకాలకంటే స్పష్టంగా మా పెద్దమ్మ చెప్పింది.

ఎన్ని పరీక్షలు చేయించాలి?

తక్కువ చేయించటం ఎంత తప్పో, అవసరం లేనివి చేయించటం కూడా అంతే తప్పు. శుక్లాల ఆపరేషన్‌కు ముందు అందరికీ రక్తపరీక్షలు, ఇ.సి.జి. చేయటం వల్ల ఏమైనా మేలుందా అని అమెరికా, కెనడాలలో సుమారు 19 వేల ఆపరేషన్లను పరిశీలించి 2000వ సంవత్సరంలో ఫలితం ప్రకటించారు. చేసినవారికి, చేయనివారికి మధ్య తేడా కనిపించలేదు. పెద్ద ఆపరేషనైతే సంగతి వేరు. రోగిని విచారించి, నాడి, ఊపిరి, గుండె చూసి, అవసరమైన పరీక్షలే రాయటం సరైన పద్ధతి.

ఒకవేళ ఆపరేషన్ వాయిదా పడితే అది మీ మీద కక్ష కాదు. గుండెపోటు వచ్చి రెండు నెలలు నిండకపోతే, కొత్తగా స్టెంటు వేసి ఉంటే, పక్షవాతం వచ్చి మూడు నెలలు దాటకపోతే, బి.పి. 180/110 దాటి ఉంటే, షుగరు అదుపులో లేకపోతే, ఆగగలిగిన ఆపరేషన్ ఆగటమే మంచిది. ఆగలేనివి కూడా ఉన్నాయి. పేగు మెలిక, హెర్నియా బిగుసుకుపోవటం వంటివాటికి గంటలే లెక్క. అప్పుడు ఫిట్‌నెస్ కోసం ఊళ్ళు తిరగవద్దు.

అసలు ఆపరేషన్ అవసరమా అన్నది అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న. ఈ మాట ఆడవారికి మరీ గట్టిగా చెపుతున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ ముందువరుసలో ఉంది. తెల్లబట్ట అయిందనో, నడుము నొప్పి అనో గర్భసంచి తీయమంటే, రెండవ డాక్టరు అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోవద్దు.

ఆపరేషన్‌కు వెళ్ళేవారు ఈ అయిదు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఈ ఆపరేషన్ చేయకపోతే ఏమవుతుంది? మందులతో కొంతకాలం నెట్టుకురావచ్చా? నా ఒంటికి ఇందులో ఉన్న ప్రమాదం ఎంత? నా మందుల్లో ఏది ఎప్పుడు ఆపాలి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి? మత్తు ఇచ్చే డాక్టరు ఎవరు, ఆయన్ను నేను ముందుగా ఎప్పుడు కలుసుకోవచ్చు?

మత్తు డాక్టరుకు కదిలే పళ్ళు, కట్టుడు పళ్ళు, ఇదివరకు మత్తుకు వికటించిన సంగతి, పడని మందులు చెప్పండి. వేళ్ళకు ఆ వారం గోరింటాకు, గోళ్ళరంగు పెట్టుకోకండి. ప్రాణవాయువు కొలిచే పరికరం సరిగా చదవలేకపోవచ్చు.

బల్లమీద పడుకున్నాక కూడా మీ పేరు, ఏ వైపు ఆపరేషన్, ఏ మందు పడదు అని మళ్ళీ అడుగుతారు. విసుక్కోకండి. ఆ ప్రశ్నల పట్టికను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రవేశపెట్టింది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో వాడి చూస్తే, ఆపరేషన్ తరువాత మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. కొత్త మందూ లేదు, కొత్త యంత్రమూ లేదు. అడగటం, జవాబు చెప్పటం, అంతే.

కనుక డాక్టరు అడిగినదానికి దాచకుండా చెప్పండి. ఆయన అడగనిది మీరే గుర్తుచేయండి. అడిగి విసిగించారని ఏ మంచి డాక్టరూ రోగిమీద కోప్పడడు.